గాంగి కూర్చోని కుర్చీ

చక్రాల కుర్చీ వేపచెట్టు కింద బోర్లా పడి ఉంది. వాన వెలిసి చాలాసేపయినా దాన్ని ఎత్తి లోపల పెట్టినవాళ్లు లేరు. గాంధారి మండలంలోని ఆ తండాలో పిల్లలు కూడా దానికి దూరంగా చుట్టు తిరిగి పోతున్నారు.

ఎల్లారెడ్డి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సాయన్న చెప్పులు విడిచి ఇంట్లోకి వంగి వెళ్లాడు. శ్రావణ సోమవారం. నుదుట విభూతి ఇంకా చెదరలేదు. పొద్దున పూజ చేసుకుని, ఒక్కపొద్దు కాబట్టి చాయ్ మాత్రం తాగి, నేరుగా ఇక్కడికి వచ్చాడు.

మంచం మీద గాంగి పక్కకు తిరిగి పడుకుని ఉంది. వీపు వెనక పాతచీరలు చుట్టి చేసిన దిండు ఆనించి ఉంది. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోయినప్పుడు ట్రాక్టరు మీది నుంచి పడి నడుము విరిగింది. నడుము కింది భాగం ఆమె మాట వినడం మానేసింది. కుర్చీ కోసం ఆమె భర్త బీమ్లా ఎన్ని క్యాంపులకు తిరిగాడో ఆ తండాలో అందరికీ తెలుసు. ఆఖరికి ప్రభుత్వం కుర్చీ పంపింది. వచ్చిన రోజునే గాంగి దాని మీద చెయ్యి వేసి, "ఇది చచ్చిపోయినామె కుర్చీ, తీసెయ్యుండ్రి" అని కేక పెట్టింది.

ఆ కేకే కేసయింది. తీగ లాగితే, ఈ చుట్టుపక్కల ఊళ్లలో కొత్తవని పంచిన కుర్చీలన్నీ రంగు వేసిన పాతవేనని తేలింది. సర్కారు పంపిన అసలు కొత్తవి ఎటు పోయాయో తెలియదు. నిన్న సాయంత్రం కృపాజ్యోతిని పట్టుకున్నారు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి కాళ్లూ చేతులూ ఆడించి, పుండ్లు కడిగి, ఇంటివాళ్లకు నేర్పి వచ్చే ఫిజియోథెరపిస్టు ఆమె. ఇవాళ సాయంత్రం కోర్టులో హాజరు పరచబోతున్నారు. రిమాండ్ అయితే జైలే.

"మేడమ్‌ను ఇడిశిపెడ్తరా సార్?" అన్నాడు బీమ్లా గుమ్మంలో నిలబడి. "పక్క తిప్పుడు నాకు నేర్పింది గని, వీపు మీది పుండు కడుగుడు నాతోని అయితలేదు. చూస్తెనే భయమైతది."

"ముందుగాల నన్ను అడగనియ్యి బీమ్లా" అని సాయన్న మంచం పక్కన కింద కూర్చున్నాడు. "బిడ్డా, కుర్చీలన్నీ ఒక్కతీరే ఉంటయి గద. అది చచ్చిపోయినామెదని నీకెట్ల తెల్సింది?"

"నా చెయ్యికి తెల్సింది బాపు."

"చెయ్యికా?"

"ఆ. కామారెడ్డి దవాఖాన్ల నేను, సాలవ్వ పక్కపక్క మంచాలల్ల ఉంటిమి. ఆమెది మహమ్మద్‌నగర్. బాయిల పడ్డది. ఎడమ చెయ్యికి పట్టు లేదు, బ్రేకు గుంజరాకపోతుండె. వాళ్లాయన సైకిల్ దుకాణంల ఇనుప ముక్క అతికిచ్చి పొడుగు చేయిచ్చిండు." గాంగి ఎడమ చేత్తో గాల్లో బ్రేకు గుంజి చూపింది. "నాకప్పుడు కుర్చీ లేకుండె. ఆమెనే తన కుర్చీల నన్ను కూసోవెట్టి నేర్పింది. బ్రేకు ఎయ్యంది దిగొద్దే, బోర్ల పడ్తవు అని ఒకటే తిట్టుడు. గా బ్రేకును ఎన్నిసార్లు వట్టుకున్ననో! ఇప్పుడు నీలిరంగేస్తే మాత్రం తెల్వదా?"

సాయన్న బయటికి వెళ్లి కుర్చీ ఎత్తి నిలబెట్టాడు. కుడి బ్రేకు పొట్టి. ఎడమ బ్రేకు జానెడు పొడుగు. రంగు కింద వెల్డింగ్ బొడిపె వేలికి తగిలింది.

"సాలవ్వ చచ్చిపోయిందని ఎవరు చెప్పిండ్రు?" అని లోపలికి చూస్తూ అడిగాడు.

"కృపమ్మ మేడమే చెప్పింది. చెప్పుకుంట ఏడ్సింది."

బీమ్లా తన భార్య వైపు కోపంగా చూశాడు. ఆ మాట మేడమ్ మెడకే చుట్టుకుంటుందని అతనికి తోచింది. సాయన్నకూ తోచింది. చచ్చిపోయినవాళ్ల వివరం ముందుగా తెలిసేది ఎవరికి? ఇళ్లకు తిరిగే మనిషికే కదా.

అతను జీపు దగ్గరికి నడుస్తూ అరుణ్‌కుమార్‌కు ఫోన్ చేశాడు. కేసు కోసం నిజామాబాద్ నుంచి వచ్చిన ప్రత్యేక బృందం ఇన్‌స్పెక్టర్ అతను. వయసులో చిన్న, మాటలో పెద్ద.

"అరుణ్, తండాల ఉన్న కుర్చీ మహమ్మద్‌నగర్ సాలవ్వదట. గాంగి గుర్తుపట్టింది. నేను తెస్తున్న. అప్పటిదాక కృపాజ్యోతిని కోర్టుకు తోల్కపోకు."

"సాలవ్వనా? ఎవరామె?"

"చచ్చిపోయిందంటున్నరు."

"చచ్చిపోయినోళ్ల స్టేట్‌మెంట్ తీసుకుంటరా సార్ ఇప్పుడు?" అవతల నవ్వు. "సరే రాండ్రి. గోదాముల ఉన్న."

కుర్చీని జీపులో ఎక్కించడానికి ఎవరూ ముందుకు రాలేదు. డ్రైవర్ కూడా టైరు చూస్తున్నట్టు వంగాడు. సాయన్న వాళ్లనేమీ అనలేదు. మనసులో ఒక నమస్కారం చేసుకుని తనే ఎత్తి పెట్టాడు.

*

ఎల్లారెడ్డిలో కామారెడ్డి రోడ్డు మీద ఒక అద్దె గోదాము ఉంది. సర్కారు ఇచ్చే కుర్చీలు, కర్రలు, పట్టుకుని నడిచే చట్రాలు మండలాలకు చేర్చే కాంట్రాక్టు హన్మాండ్లుది. గోదామూ అతనిదే. "నా సరుకు మంచిదే, ఊళ్లెకు పోయినంక ఆ మేడమే మార్చింది" అని కృపాజ్యోతి మీద ఫిర్యాదు ఇచ్చింది కూడా అతనే.

సాయన్న వెళ్లేసరికి, ఊళ్ల నుంచి వెనక్కి తెప్పించిన నీలిరంగు కుర్చీలు గోడవారగా వరసలో ఉన్నాయి. ఎదురుగా అరుణ్‌కుమార్ టేబుల్ మీద కాగితం పరిచి మిర్చిబజ్జీలు తింటున్నాడు. కృపాజ్యోతి స్టూలు మీద ఉంది. పక్కన మహిళా కానిస్టేబుల్ దుర్గవ్వ. తలుపు దగ్గర గోదాము కాపలాదారు లింగం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రాండ్రి సార్, ఒక బజ్జీ తినుండ్రి."

"ఒక్కపొద్దు."

"ఒక్కపొద్దుంటే బుర్ర ఎక్కువ పని చేస్తదా?"

"నీ కడుపు నిండినా ఏం పని చేస్తలేదు గదా" అన్నాడు సాయన్న. దుర్గవ్వ నవ్వు ఆపుకోవడానికి కొంగు సవరించుకుంది.

సాయన్న స్టూలు ముందు నిలబడ్డాడు. కృపాజ్యోతికి ముప్పై లోపే ఉంటాయి. రాత్రంతా నిద్ర లేని కళ్లు. కానీ ఆమె మొదట అడిగిన మాట తన గురించి కాదు.

"గాంగిని తిప్పిండ్రా సార్? పొద్దున ఎవరన్న పోయిండ్రా?"

"బీమ్లా తిప్పిండు. పుండు కడుగుడు తనతో గాదంటుండు."

"ఉప్పు నీళ్లు కాచి చల్లార్చుమని చెప్పుండ్రి. భయపడొద్దను. ఆమెకు నొప్పి తెల్వది. గందుకే ఇంకా జాగ్రత్తగా చూడాలె."

"అది సరే. కామారెడ్డిల మీ ఇంటి వెనక రెండు పాత కుర్చీలు దొరికినయి. ఎక్కడియి?"

"చావయిన ఇండ్లల్లకెల్లి తెచ్చిన సార్. మనిషి పోతే మంచం, బట్టలు ఊరవతల పారేస్తరు. ఇప్పుడు కుర్చీలు గూడ గట్లనే పడేస్తున్నరు. మీవోళ్లు ఎవ్వరు ముట్టరు. మేము ప్రభువును నమ్ముకున్నోళ్లం, నాకు ఆ భయం లేదు. కడిగి, నూనె పోసి, ఇంకా సర్కారు కుర్చీ రానోళ్లకు ఇస్త."

"విన్నరా?" అరుణ్‌కుమార్ చెయ్యి తుడుచుకుంటూ లేచాడు. "చావు ఇండ్లల్ల కుర్చీలు ఏరుకుంటనని తన నోటితోనే చెప్తుంది. ఇంకేం కావాలె సార్ మీకు?"

"చెప్పకుండ ఇస్తనా?" కృపాజ్యోతి అతని వైపు తిరిగింది. "ఇది ఫలానోళ్లది, ఇష్టమైతెనే తీసుకోండ్రి అని చెప్పి ఇస్త. వద్దన్నోళ్లను బలవంతం జెయ్య."

"రంగు వేస్తవా?" అన్నాడు సాయన్న.

"రంగెందుకు సార్? రంగేస్తే దాచిపెట్టినట్టయితది."

సాయన్న తల ఊపాడు. "సాలవ్వ చచ్చిపోయిందని నీకెవరు చెప్పిండ్రు?"

ఆమె తలుపు వైపు చూసింది. "లింగమే ఫోన్ జేసిండు. మహమ్మద్‌నగర్ పోవద్దు, ఆమె పోయింది, దహనం గూడ అయిపోయింది అన్నడు. కుర్చీ తీసుకున్నోళ్ల లిస్టు ఈడనే ఉంటది, ఎవరింటికి పోవాల్నో, ఎవరింటికి బందు జెయ్యాల్నో మాకు ఈ గోదాముకెల్లే చెప్తరు సార్. ప్రార్థనల ఆమె పేరు చెప్పుకున్న. గంతే."

లింగం నేల చూపులు చూస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి, గట్టి ఒళ్లు. నిలబడి నిలబడి ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నాడు.

"లింగం, నిజమేనా?"

"హన్మాండ్లు సేట్ చెప్పుమన్నడు సార్. నేను చెప్పిన. నాకేం ఎరుక?"

"చాలా సార్?" అరుణ్‌కుమార్ గొంతు పెంచాడు. "ఈమెకు చావులు తెలుసు. ఈమె ఇంట్ల పాత కుర్చీలున్నయి. ఊళ్లల్ల పంచేటప్పుడు దగ్గరున్నది ఈమెనే. మీరేమో తండాకు పోయి బ్రేకులు చూసుకుంట కూసున్నరు. మీరు దేవుడి మనిషి, మీకు అందరు మంచోళ్లే కనిపిస్తరు."

"అందరు మంచోళ్లని ఎప్పుడన్న? అందరు భయపడేటోళ్లే అంటున్న. ఎవరు దేనికి భయపడ్తున్నరో చూడుడే నా పని."

"కోర్టుకు భయాలు చూపిస్తరా?"

సాయన్న కుర్చీల వరస దగ్గరికి వెళ్లాడు. తండా నుంచి తెచ్చిన కుర్చీని కూడా జీపులోంచి దించి వరస చివర పెట్టాడు. ఒక్కొక్కటీ తోసి చూశాడు. పని సొగసుగా లేదు. చక్రాల ఇరుసుల్లో పాత మట్టి అలాగే ఉంది. సీటు రెక్సిన్ మాత్రం కొత్తది. మూడో కుర్చీ వెనక పిడి పట్టుకుని తోస్తుంటే రబ్బరు తొడుగు జారి చేతిలోకి వచ్చింది. అరచేతిలో ఏదో మెత్తగా రాలింది. చూశాడు. పసుపుపచ్చని పొడి.

గోడ వైపు తిరిగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వంటింటి పసుపు వాసన కాదు. పైన విభూతి, గుడి గంటల దగ్గర తిరిగిన గాలి కలిసినట్టుండే వాసన. తన ఇంట్లో దేవుడి గూట్లో, ఇత్తడి డబ్బాలో ఇదే ఉంటుంది. మల్లన్న జాతర నుంచి తెచ్చుకునే పసుపు, బండారి. బిడ్డకు జ్వరమొస్తే నుదుట పెడతారు. కీడు పట్టిందనుకుంటే గడపలో చల్లుతారు.

సాయన్న గొట్టంలోకి తొంగి చూశాడు. కొత్త వాహనానికి ఎవరైనా పసుపు పెడతారు. కానీ అందరికీ కనబడేటట్టు ముందర పెడతారు. గొట్టంలో పోసి మూత బిగించేదెవరు? పైగా ఆ పొడి అంచున కొత్త నీలిరంగులో అంటుకుని ఎండిపోయింది. రంగు తడిగా ఉన్నప్పుడే పోశారు. రంగు వేసినవాడే పోశాడు.

తొడుగును ఎప్పటిలా బిగించాడు. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు.

"లింగం, పొద్దటి నుంచి నిలవడ్డట్టున్నవు. రా, కూసో."

ఆ మూడో కుర్చీనే ముందుకు తోశాడు.

"వద్దు సార్, పర్వాలేదు."

"కూసోవయ్య. సర్కారు కుర్చీ, నిన్నేం కొరకది."

"కింద కూసుంట సార్." లింగం నిజంగానే గచ్చు మీద కూలబడబోయాడు.

"పోలీసోళ్ల ముంగట కింద కూసుంటే కొట్టిండ్రనుకుంటరు. అది వద్దా? ఇది?" సాయన్న ఇంకో కుర్చీ తోశాడు. లింగం ఒక అడుగు వెనక్కి వేశాడు. మరొకటి తోశాడు. లింగం వీపు తలుపుకు తగిలింది. నుదుటి మీద చెమట.

"ఏంది సార్ ఈ ఆట?" అన్నాడు అరుణ్‌కుమార్ విసుగ్గా.

సాయన్న వరస చివర ఉన్న కుర్చీని, గాంగి కూర్చోనన్న కుర్చీని, నెమ్మదిగా తెచ్చి లింగం ముందు ఆపాడు. "పోనీ ఇది?"

లింగం కుర్చీ చూశాడు. కళ్లు ఎడమ బ్రేకు మీదికి పోయాయి. గట్టిగా ఊపిరి వదిలి, చతికిలబడినట్టు అందులో కూర్చున్నాడు.

అరుణ్‌కుమార్ టేబుల్ దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వచ్చాడు.

సాయన్న అతని ముందు మోకాలి మీద కూర్చుని, పెద్దన్న తమ్ముణ్ని అడిగినట్టు అడిగాడు. "తండాల పిల్లలు ముట్టలే. నా డ్రైవర్ ముట్టలే. సాలవ్వ చచ్చిపోయిందని కృపాజ్యోతికి ఫోన్ జేసింది నువ్వే. మిగిలిన కుర్చీలకు దూరం జరిగినవు. చచ్చిపోయినామె కుర్చీల మాత్రం హాయిగ కూసున్నవు. ఎందుకు లింగం?"

లింగం ఒక్కసారిగా లేవబోయాడు. సాయన్న అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. లేచి వెనక పిడి తొడుగు లాగి, గొట్టం కింద కాగితం పట్టి తట్టాడు. ఏమీ రాలలేదు. రెండో పిడి తీశాడు. అదీ ఖాళీ. అప్పుడు మూడో కుర్చీ తొడుగు తీసి అదే కాగితం మీద తట్టాడు. పచ్చటి బండారి కుప్పగా పడింది. దాని పక్కది తట్టాడు. దాంట్లోనూ బండారి.

"పసుపే గదా, ప్రతి ఇంట్ల ఉంటది..." అరుణ్‌కుమార్ మాట సగంలో ఆగింది.

"మల్లన్న బండారి. రంగు తడి ఆరకముందే పోసిండ్రు. కృపాజ్యోతి ఇంట్ల దొరికిన రెండు కుర్చీలు ఆడ పక్కకున్నయి, పోయి చూడు. రంగు లేదు, బండారి లేదు. చక్రాల మీద ఆ ఇంటోళ్లు పెట్టుకున్న బొట్లు గూడ ఆమె చెరపలే." సాయన్న మళ్లీ లింగం వైపు తిరిగాడు. "మీ ఇంటి దేవుడెవరు?"

"మల్లన్న" అన్నాడు లింగం. రెండు చేతులూ జోడించాడు. "నేనే రంగేసిన సార్. సేట్ చావు ఇండ్లల్లకెల్లి తెప్పిస్తడు. కొత్తయి రాంగనే లారీలనే పట్నం దుకాణాలకు పోతయి. నా పని రంగేసుడే. గని కూసునేది లేవలేనోళ్లు గదా సార్, ఆ పోయినోళ్ల పీడ వీళ్లకు వడితే? గందుకే పోసిన. కూసున్నోళ్లకు ఏం గావద్దని."

కృపాజ్యోతి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. దొంగసొమ్ముకు రంగు వేస్తూ, కూర్చోబోయేవాడి క్షేమం కోసం దేవుణ్ని అడిగిన మనిషిని ఏమనాలో సాయన్నకు తోచలేదు. ఆ దేవుడు ఆ మొక్కు విన్నాడా? వింటే ఏమనుకుని ఉంటాడు?

"మరి దీంట్లె ఎందుకు పొయ్యలే?" అని అడిగాడు మెల్లగా, ఎడమ బ్రేకు మీద వేలు పెట్టి.

లింగం కృపాజ్యోతి వైపు చూశాడు.

"అది చచ్చినోళ్లది గాదు సార్."

"ఏంది?" కృపాజ్యోతి లేచి నిలబడింది.

"ఈసారి చావు కుర్చీలు చాల్లేదు. సేట్ మనిషి పోయి, రిపేరు చేసి తెస్తమని చెప్పి తెచ్చిండు. సాలవ్వ బతికే ఉంది. మీరు పోతే కుర్చీ ఏదని అడుగుతరు గదా మేడమ్, గందుకే పోయిందని చెప్పుమన్నడు."

"బతికే ఉందా?" ఆమె లింగం ముందుకు వచ్చింది. "నేను పోవుడు బందు చేసి ఎన్ని దినాలాయె! ఆమె తనకు తాను పక్కకు తిరగలేదు సార్. వాళ్లాయన పనికి ఊరు పోతడు. ఎవరు తిప్పుతున్నరు ఆమెను? ఎవరు..."

కుర్చీ ఇచ్చామని రాసుకున్నవాళ్లున్నారు, ఇల్లు చూడడం ఆపెయ్యమన్నవాళ్లున్నారు. మధ్యలో ఒక మనిషి బతికుందా లేదా అని తలుపు తట్టి చూసినవాళ్లే లేరు. సాయన్న అరుణ్‌కుమార్ వైపు తిరిగాడు.

"అరుణ్, హన్మాండ్లును పిలిపియ్యి."

అరుణ్‌కుమార్ ఫోన్ చేశాడు. మళ్లీ చేశాడు. "స్విచ్ఛాఫ్" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకోలేదు, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ముఖంలో రంగు పోయింది.

"ఏమాయె?"

"పొద్దున మీరు తండా నుంచి ఫోన్ చేసినంక... ఆయన ఫిర్యాదుదారుడు గదా అని..." అతను పెదవులు తడుపుకున్నాడు. "సాలవ్వ ఎవరని ఆయన్నే అడిగిన. గాంగి కుర్చీ గుర్తుపట్టిందని, సీఐ సార్ తెస్తుండని గూడ చెప్పిన."

సాయన్న తిట్టలేదు. తిట్టి ఉంటే అరుణ్‌కుమార్‌కు కొంచెం తేలికయ్యేది.

"చచ్చిపోయిందన్న సాలవ్వ మన ముంగట నోరు తెరిస్తే వాడి పని అయిపోతది. జీపు తియ్యి. కృపాజ్యోతీ, నువ్వు గూడ రా. ఆమె ఎట్లున్నదో చూడాలంటే నువ్వే కావాలె."

"సార్, ఆమె నా కస్టడీల ఉంది" అన్నాడు అరుణ్‌కుమార్ అలవాటు కొద్దీ.

"అయితే నువ్వు గూడ ఎక్కు."

అతను ఎక్కాడు. లింగాన్ని దుర్గవ్వకు అప్పగించారు.

*

జీపు మహమ్మద్‌నగర్ దారి పట్టింది. "దూది, గాజుగుడ్డ ఉన్నయా సార్ బండిల?" అంది కృపాజ్యోతి. ప్రథమ చికిత్స డబ్బా అరుణ్‌కుమార్ తన ఒళ్లో పెట్టుకున్నాడు. దారి పొడుగునా దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.

సాలవ్వ ఇల్లు ఊరి చివర, వరి పొలాల అంచున ఉంది. వాకిట్లోంచి గడపకు పలకలు పేర్చి చేసిన ఏటవాలు దారి ఉంది. కుర్చీ ఎక్కి దిగడానికి భర్త కట్టిన దారి అది. దాని మీద గడ్డి మొలవడం మొదలుపెట్టింది.

తలుపుకు బయటి గొళ్లెం వేసి ఉంది.

సాయన్న గొళ్లెం తీసి లోపలికి పోయాడు. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి ఒక పక్కకు జారి ఉంది. దాని మీద పుండు తడి ఇంకా ఆరలేదు. కిందనే అద్దం, దువ్వెన, మూత తీసిన కొబ్బరినూనె సీసా. మనిషి ఈ మధ్యనే తల దువ్వుకుంది.

పక్కింటి నుంచి ఒక ముసలామె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సాలవ్వకు ఇన్నాళ్లూ ఇంత గంజి పోసి, చేతనైనప్పుడు పక్కకు తిప్పింది ఆమేనని తర్వాత తెలిసింది. పేరు హన్మవ్వ.

"ఎవరు గావాలె సారూ? సాలవ్వ లేదు. ఇప్పుడే, జెర్ర సేపాయె, దవాఖాన వ్యాను వచ్చి తోల్కపోయింది."

"ఎవరొచ్చిండ్రు అవ్వా?"

"ఇద్దరు మొగోళ్లు. కొత్త కుర్చీ వచ్చింది, కొలత చూసి కూసోపెట్టాలె అన్నరు. ముందుగాల ఇది రాననే అన్నది. పాత కుర్చీ రిపేరని పట్కపోయి మళ్ల తేలే, మిమ్ముల నమ్మ అని మొండికేసింది. ఇంక వాళ్లు ఏందో చెప్పంగనే మొఖమంత నవ్వు చేసుకుని, హన్మవ్వా, తల దువ్వవే, మంచి చీర గట్టవే అని ఒకటే తొందర."

"ఏం చెప్పిండ్రవ్వా వాళ్లు?"

హన్మవ్వ చెప్పబోయి ఆగింది. జీపు దిగి, గాజుగుడ్డ చుట్ట పట్టుకుని ఆ ఏటవాలు దారి ఎక్కి వస్తున్న కృపాజ్యోతిని చూసింది. చూపు ఆమె మీది నుంచి సాయన్న మీదికి, మళ్లీ ఆమె మీదికి వచ్చింది. ముసలి ముఖంలో నవ్వు మొదలై, మధ్యలోనే ఏదో అర్థం కాక నిలిచిపోయింది.

"నువ్వేంది మేడమ్, ఈడున్నవు? నువ్వు ఆడ కుర్చీ వట్టుకుని ఎదురుచూస్తున్నవని చెప్తెనే గద, అది వ్యాను ఎక్కింది!"

గాజుగుడ్డ కృపాజ్యోతి చేతిలోంచి జారి పలకల మీద దొర్లుకుంటూ పోయింది.

"ఏ దిక్కు పోయింది వ్యాను?" సాయన్న అప్పటికే జీపు వైపు పరుగెడుతున్నాడు.

ముసలామె చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి ఎల్లారెడ్డి వైపు చూపలేదు, కామారెడ్డి వైపు చూపలేదు. వానలకు నిండుతున్న నిజాంసాగర్ నీళ్ల వైపు చూపింది.